ఎముక అతుక్కున్నాక కూడా చెయ్యి ముట్టుకోనివ్వకపోతే: సీఆర్‌పీఎస్ గురించి వివరంగా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒక రకం ఫైలు కనిపిస్తూ ఉంటుంది. మణికట్టు విరిగింది, పిండికట్టు వేశారు, ఆరు వారాలకు విప్పారు, ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది. చెయ్యి మాత్రం భగభగ మండుతోంది, వాచిపోయింది, చీర కొంగు తగిలినా ప్రాణం పోతున్నట్టు ఉంది. ఎముకల డాక్టరు "అంతా బాగానే ఉందమ్మా" అంటారు. నరాల డాక్టరు రాత్రిపూట వేసుకోమని ఒక మాత్ర రాస్తారు. కట్టు కట్టే ఆయన నరం పక్కకి జరిగిందంటాడు, పక్కింటావిడ దిష్టి అంటుంది, చివరికి రైలెక్కి విశాఖపట్నం వెళ్తే అక్కడ చీటీ మీద "సీఆర్‌పీఎస్" అని రాసి ఫిజియోథెరపీకి పంపిస్తారు. ఆ నాలుగక్షరాలు పట్టుకుని ఫోనులో వెతికితే ప్రపంచంలోకెల్లా ఘోరమైన నొప్పి ఇదేనని భయపెట్టే వీడియోలు వరసగా వస్తాయి, ఇక ఇంట్లో అందరికీ టెన్షన్.

వీళ్ళలో ఎవరి మాట ఎంతవరకు నిజమో మొదటినుంచి చూద్దాం.

పేరు పెద్దది, విషయం ఇది

పూర్తి పేరు కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్. చెయ్యికో కాలికో ఏదో ఒకటి జరుగుతుంది: ఎముక విరగడం, బెణకడం, ఆపరేషన్, ఒక్కోసారి పక్షవాతం. అరుదుగా అసలు ఏ దెబ్బా గుర్తుండదు. ఆ దెబ్బకు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ నొప్పి, తగ్గాల్సిన రోజులు దాటిపోయినా తగ్గకుండా ఉండిపోతుంది. దానితోపాటు ఆ చెయ్యి లేదా కాలి రంగు మారుతుంది, వేడెక్కుతుంది లేదా చల్లబడుతుంది, వాస్తుంది, చెమట తేడాగా పడుతుంది, బిగుసుకుపోతుంది. నొప్పి దెబ్బ తగిలిన చోటే ఆగదు. మణికట్టు విరిగితే వేళ్ళ చివరల దాకా చెయ్యంతా పాకుతుంది.

ఇందులో రెండు రకాలు. పెద్ద నరమేదీ తెగినట్టు, నలిగినట్టు ఆధారం లేకపోతే మొదటి రకం. ఎక్కువమందిది ఇదే. ఫలానా నరం దెబ్బతిందని పరీక్షలో తేలితే రెండో రకం. రాయగడలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడనుకుందాం. అద్దం పగిలి మోచేతి లోపలి వైపు లోతుగా కోసుకుంది, అక్కడి నుంచి చిటికెన వేలు దాకా వెళ్ళే అల్నార్ నరం తెగింది. కుట్లు మానాక చెయ్యంతా మంటలు, వాపు. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పారుతోందో చూసే పరీక్ష చేస్తే ఆ నరం దెబ్బ బయటపడుతుంది. ఈ తేడా తెలియడం దేనికంటే, ఇతనికి ఆ నరాన్ని ఆపరేషన్‌తో సరిచేయవచ్చా అన్న ప్రశ్న ఉంటుంది. మొదటి రకానికి సరిచేయడానికి తెగిన నరమంటూ లేదు.

కాస్త తిరకాసు కూడా ఉంది. నిపుణుల కచ్చితమైన లెక్కలో నరాల జబ్బు నొప్పి అనాలంటే నరానికి గాయమో జబ్బో ఉన్నట్టు తేలాలి. ఆ లెక్కన రెండో రకమే నరాల నొప్పి. మొదటి రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పట్టిక, అంటే ఐసీడీ-11, దీర్ఘకాలిక నొప్పినే ఒక జబ్బుగా లెక్కపెట్టే వర్గంలో పెట్టింది. మన ఓపీల్లో మాత్రం రెండింటినీ నరాల నొప్పి అనే అంటారు. అందులో పెద్ద తప్పేమీ లేదు, నరం తెగకపోయినా నరాల తీరు మారిన మాట నిజమే కదా.

పాత ఫైళ్ళలో వేరే పేర్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అమెరికా అంతర్యుద్ధంలో తూటా దెబ్బలు తిన్న సైనికుల్లో ఈ మంటనొప్పిని వెయిర్ మిచెల్ అనే డాక్టరు 1864లో వివరించాడు, ఆ తర్వాత దానికి కాసాల్జియా అని పేరొచ్చింది. 1900లో జర్మనీలో పాల్ సూడెక్ ఇలాంటి చేతుల్లో ఎముక పలచబడటం గమనించాడు, అదే సూడెక్స్ ఆట్రోఫీ. 1946 నుంచి ఆర్‌ఎస్‌డీ, అంటే రిఫ్లెక్స్ సింపథెటిక్ డిస్ట్రఫీ, అనే పేరు నడిచింది. ఇప్పటి పేరు 1994లో స్థిరపడింది. కొంతమంది పెద్ద డాక్టర్లు ఇప్పటికీ ఆర్‌ఎస్‌డీ అనే రాస్తారు, రెండూ వేరు జబ్బులేమో అని రెండు చోట్ల రెండు వైద్యాలు చేయించుకునేవాళ్ళూ ఉన్నారు.

ఎంతమందికి వస్తుంది? అమెరికాలోని ఒక కౌంటీ లెక్కలో ఏడాదికి లక్షమందిలో సుమారు 5.5 కొత్త కేసులు. నెదర్లాండ్స్ లెక్కలో 26. ఇంత తేడా జబ్బులో ఉన్నది కాదు, ఎవరిని జబ్బున్నవాళ్ళుగా లెక్కపెట్టాలి అన్న కొలతల్లో ఉన్నది. రెండు చోట్లా ఆడవాళ్ళకు మగవాళ్ళకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. మణికట్టు విరిగిన 1,549 మందిని గమనించిన 2014 నాటి అధ్యయనంలో దాదాపు 4 శాతం మందికి ఇది వచ్చింది. వాళ్ళలో కనిపించిన ముందస్తు గుర్తు ఒకటి గుర్తుపెట్టుకోదగ్గది: విరిగిన మొదటి వారంలోనే నొప్పి పదికి ఐదు, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళకు ముప్పు బాగా ఎక్కువ.

స్కాన్ చెప్పదు, చెయ్యి చెబుతుంది

ఈ జబ్బును తేల్చే రక్తపరీక్ష లేదు. ఎక్స్‌రేలో ఎముక అక్కడక్కడ పలచబడినట్టు కనిపించవచ్చు, కానీ నెలన్నర కట్టులో ఉన్న ఏ ఎముకైనా కొంత పలచబడుతుంది. బోన్ స్కాన్ కొంత ఊతమిస్తుంది, అది మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదనడానికి లేదు. మరి ఎలా తేలుస్తారు? 2003లో బుడాపెస్ట్‌లో కూర్చున్న నిపుణులు ఒక పద్ధతి రాశారు, 2012లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం దాన్నే ప్రమాణంగా తీసుకుంది.

బరంపురంలో పట్టు నేసే ఇల్లొకటి ఊహించుకోండి. అక్కడి నేత కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఆ ఇంట్లో కండెలు చుట్టే 52 ఏళ్ళావిడ వానకి వాకిట్లో జారిపడింది, కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు విప్పి నెలయింది. డాక్టరు ఆవిడ రెండు చేతుల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టిస్తారు. ఈ పక్కపక్కన పెట్టడమే సగం పరీక్ష. కుడి చెయ్యి ఎర్రగా, నిగనిగలాడుతూ, వేళ్ళ గీతలు కనపడనంత ఉబ్బి ఉంది. డాక్టరు తన వేళ్ళ వెనకభాగంతో రెండు చేతుల్నీ తాకి చూస్తారు, ఒక డిగ్రీ సెల్సియస్‌కి మించి తేడా ఉంటే లెక్కలోకి వస్తుంది. దూదిని పీకి కొసతో చర్మం మీద రాస్తారు. ఎడమ చేతికి చక్కిలిగింతలా ఉన్నది కుడి చేతికి కారం రాసినట్టు ఉంటుంది, ఆవిడ చెయ్యి లాగేసుకుంటుంది. గోళ్ళు చూస్తారు, ఒకవైపు గీతలు పడి వేగంగా పెరిగి ఉంటాయి. అరచేతి తడి చూస్తారు. పిడికిలి పట్టమంటే వేళ్ళు సగంలో ఆగిపోతాయి.

ఇప్పుడు లెక్క. గుంపులు నాలుగు. ఒకటి స్పర్శ: తాకితే నొప్పి, గుచ్చితే మామూలుకంటే ఎక్కువ నొప్పి. రెండు రంగు, వేడి. మూడు వాపు, చెమట. నాలుగు కదలిక, దానితోపాటు గోళ్ళు, వెంట్రుకలు, చర్మంలో మార్పు. ఈ నాలుగింటిలో కనీసం మూడింట్లో తనకి తేడా ఉందని పేషెంటు చెప్పాలి, కనీసం రెండింట్లో తేడా ఆరోజు డాక్టరు కంటికి కనబడాలి. నొప్పి దెబ్బకు మించి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ లక్షణాలను ఇంతకంటే బాగా వివరించే వేరే జబ్బు ఉండకూడదు. మన ఉదాహరణలో నాలుగు గుంపులూ నిండాయి, కాబట్టి సీఆర్‌పీఎస్.

అదే ఆవిడ "బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మాత్రమే తిమ్మిరెక్కుతాయి, అర్ధరాత్రి మెలకువొస్తే చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది" అందనుకోండి. రంగు, వేడి, చెమట రెండు చేతుల్లోనూ ఒకేలా ఉన్నాయి. ఇది సీఆర్‌పీఎస్ కాదు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ అయ్యే అవకాశం ఎక్కువ. దాని దారి పూర్తిగా వేరు. అందుకే "చెయ్యి నొప్పి" అన్న ఒక్కమాటతో ఓపీ నుంచి బయటికొస్తే పని జరగదు. మంటా, పోటా, తిమ్మిరా, ఎక్కడెక్కడ, ఎప్పుడు అనేది చెప్పుకోగలగాలి. తెలుగులో బాధపడి ఒడియాలో చెప్పుకోవాల్సిన మనవాళ్ళకి ఇక్కడ అదనపు ఇబ్బంది ఉంది. లక్షణాలు ఒక్కోరోజు ఒక్కోలా ఉండే జబ్బు కాబట్టి చెయ్యి ఎర్రగా వాచి ఉన్నప్పుడు ఫోనులో రెండు చేతులూ కలిపి తీసిన ఫోటో చాలా మాటల పని చేస్తుంది.

మన వైపు పోలికతో మోసపోయే జబ్బులు

వేరే జబ్బు ఉండకూడదు అన్న షరతు పుస్తకాల్లో ఒక్క లైను, మన జిల్లాల్లో అది పెద్ద వ్యవహారం. కాలు వాస్తే గంజాం తీరంలో ముందు అనుమానించాల్సింది బోదకాలు. కాలి పిక్క హఠాత్తుగా వాచి, పట్టేసి, వేడిగా ఉంటే లోపల సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అది ఆగే విషయం కాదు. జ్వరంతో ఎర్రగా వాస్తే చర్మం కింద ఇన్‌ఫెక్షన్.

కుష్టు గురించి విడిగా చెప్పాలి. పోయిందనుకుంటాం గానీ ఒడిశాలో కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. అందులో నరాలు వాచినప్పుడు చెయ్యంతా పోటు, చిటికెన వేలు వంకరపోవడం, పట్టు తప్పడం ఉంటాయి. సీఆర్‌పీఎస్‌లో తాకితే ఓర్చుకోలేనంత నొప్పి అయితే, కుష్టులో సాధారణంగా స్పర్శ తెలియని మచ్చలుంటాయి, మోచేతి దగ్గర నరం తాడులా లావుగా చేతికి తగులుతుంది. దానికి మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ఆలస్యమైతే పోయిన వేళ్ళు తిరిగిరావు. కాబట్టి నరాల నొప్పి మాత్రలు నెలలకొద్దీ వాడే ముందు ఒంటిమీద మచ్చలు చూశారా లేదా అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇక పిండికట్టు. కట్టులో ఉన్నప్పుడే వేళ్ళు నీలంగా మారడం, మొద్దుబారడం, వేళ్ళు చాపితే తట్టుకోలేని నొప్పి, ఇవి సీఆర్‌పీఎస్ కోసం ఎదురుచూసే లక్షణాలు కావు. కట్టు బిగిసి రక్తప్రసారం ఆగుతోందన్నమాట. గంటల్లో కట్టు కోయించకపోతే కండ చచ్చిపోతుంది. పల్లెల్లో వెదురు బద్దలు పెట్టి బిగించే కట్లతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మానిన చెయ్యి ఎందుకు మండుతోంది

దీనికి ఒకే కారణం చెప్పగలిగితే ఇంత గందరగోళం ఉండేది కాదు. నాలుగైదు విషయాలు కలిసి జరుగుతాయి, మనిషి మనిషికీ పాళ్ళు మారతాయి.

మొదటి నెలల్లో ఎక్కువగా కనిపించేది నరాల చివర్ల నుంచి పుట్టే వాపు. దెబ్బ తగిలినప్పుడు సన్న నరాలు మెదడుకి కబురు పంపడంతో ఊరుకోవు, ఉన్నచోటే సబ్‌స్టెన్స్ పీ, సీజీఆర్‌పీ అనే రసాయనాలు వదులుతాయి. వాటివల్ల రక్తనాళాలు విప్పారి ఎర్రదనం, వేడి, వాపు వస్తాయి. మామూలుగా గాయం మానేకొద్దీ ఇవి తగ్గుతాయి, వీళ్ళల్లో తగ్గవు. రెండోది, మన ప్రమేయం లేకుండా చెమటనీ రక్తప్రసారాన్నీ నడిపే నరాల తీరు తప్పడం. అందుకే కొన్ని నెలలకు చాలామందిలో వేడి చెయ్యి కాస్తా చల్లగా, నీలంగా మారుతుంది.

మూడోది వెన్నుపాములో, మెదడులో. జాతరలో మైకుసెట్టు తెలుసుగా, మైకు పెట్టెకు దగ్గరగా వస్తే చిన్న చప్పుడే తిరిగి తిరిగి పెరిగి కీచుమంటుంది. నొప్పి కబుర్లు మోసే నాడీకణాలు నెలల తరబడి ఆగకుండా పనిచేస్తే అలాగే తయారవుతాయి, తాకిడిని కూడా నొప్పిగా పెంచి పంపిస్తాయి. దానికి తోడు మెదడులో ఆ చేతికి ఉండే పటం చెదురుతుంది. దీన్ని పరీక్షించి చూశారు: ఎడమ, కుడి చేతుల ఫోటోలు రకరకాల భంగిమల్లో చూపించి ఇది ఏ చెయ్యి అని అడిగితే, ఈ జబ్బు ఉన్నవాళ్ళు తమ నొప్పి చేతి వైపు ఫోటోలకు ఆలస్యంగా జవాబిస్తారు. కొందరు "ఆ చెయ్యి నాది కాదనిపిస్తోంది" అంటారు. ఇంట్లోవాళ్ళకి ఈ మాట విని మతి చలించిందేమో అని భయం, నిజానికి ఇది జబ్బు లక్షణమే.

వీటన్నిటికీ ఆజ్యం పోసేది కదపకుండా ఉంచడం. నొప్పిగా ఉంది కాబట్టి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటారు, అది సహజం. ఏ దెబ్బా లేని ఆరోగ్యవంతుల చేతికి కొన్ని వారాలు కట్టు వేసి ఉంచినా కొంత వేడి తేడా, బిగుతు, నొప్పి కనిపించాయి. ఆ చెయ్యి వాడకపోవడమే జబ్బుకి కారణమని ఎవరూ అనడం లేదు గానీ, వచ్చిన జబ్బుని అక్కడే కట్టిపడేసేది మాత్రం అదే.

"అంతా మనసులో ఉంది" అనే వాదన

దీన్ని తోసిపారేసే ముందు అదెక్కడి నుంచి వచ్చిందో చూడాలి. పరీక్షలన్నీ మామూలుగా వస్తాయి, నొప్పి భయంకరంగా ఉంటుంది, పేషెంటు ఏడుస్తూ ఉంటుంది, నిద్ర ఉండదు. డాక్టరు మనసు వైపు చూడటం విడ్డూరమేమీ కాదు. పాతకాలంలో కొన్ని రకాల మనస్తత్వం ఉన్నవాళ్ళకే ఇది వస్తుందని కూడా రాశారు.

ఎముక విరిగిన దాదాపు 600 మందిని దెబ్బ తగిలిన మొదట్లోనే మానసిక స్థితి కొలిచి, తర్వాత ఎవరికి సీఆర్‌పీఎస్ వచ్చిందో చూసిన నెదర్లాండ్స్ అధ్యయనం 2011లో వచ్చింది. మనస్తత్వానికీ జబ్బు రావడానికీ సంబంధం దొరకలేదు. అలాగని మనసుకి ఇందులో పాత్రే లేదనీ కాదు. వచ్చిన తర్వాత భయం, దిగులు, "కదిపితే మళ్ళీ విరుగుతుంది" అన్న నమ్మకం కోలుకోవడాన్ని వెనక్కి లాగుతాయని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. కౌన్సెలింగ్‌కి పంపితే "నన్ను పిచ్చిదాన్ని చేశారు" అనుకునేవాళ్ళు ఎక్కువ, ఆ అనుకోవడానికి కారణం చాలాసార్లు పంపినవాళ్ళు చెప్పిన తీరే.

వైద్యానికి వెన్నెముక మాత్ర కాదు, కదలిక

ఇంచుమించు అన్ని వైద్య మార్గదర్శకాలూ ఒప్పుకునే సంగతి ఒకటుంది. చెయ్యి మళ్ళీ వాడకంలోకి రావడమే లక్ష్యం, మందులు, ఇంజెక్షన్లు ఆ కదలిక సాధ్యమయ్యేలా నొప్పి తగ్గించడానికి. మన దగ్గర వరస తిరగబడి ఉంటుంది: ముందు నొప్పి పూర్తిగా పోవాలి, అప్పుడు కదుపుతాను అని.

తాకిడి అలవాటు చేయడం దగ్గర మొదలవుతుంది. నేత ఇంట్లో దానికి కావలసిన సరంజామా అంతా ఉంటుంది. ముందు మిగిలిపోయిన పట్టు పోగులతో చర్మం మీద మెల్లగా రాయడం, అది ఓర్చుకోగలిగాక నూలు తువ్వాలు, తర్వాత గరుకు గుడ్డ, ఆపైన గోనె. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి మెల్లగా కదపడం. కొన్ని నిమిషాలే, రోజుకి చాలాసార్లు. ఐస్ పెట్టడం వల్ల చాలామందికి మంట పెరుగుతుంది, కాబట్టి ఫిజియోలు సాధారణంగా వద్దంటారు. నూనె పోసి బలంగా లాగి "నరం సరిచేసే" మాలిష్ ఈ జబ్బు ఉన్న చేతిమీద ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు.

అద్దం వైద్యం వింటే చాలామందికి నవ్వొస్తుంది. మద్రాసులో వైద్యం చదివి అమెరికాలో పనిచేసిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, తీసేసిన చెయ్యి ఇంకా నొప్పెడుతోంది అనేవాళ్ళ కోసం దీన్ని మొదలుపెట్టారు. గుండెకి ఎదురుగా బల్ల మీద అద్దం నిలువుగా పెడతారు. నొప్పి చెయ్యి అద్దం వెనక, కనపడదు. మంచి చెయ్యి ముందు. మంచి చేతితో పిడికిలి మూసి తెరుస్తూ అద్దంలోకి చూస్తే, నొప్పి చెయ్యే హాయిగా కదులుతున్నట్టు కళ్ళకి అనిపిస్తుంది. నొప్పి లేని కదలికని మెదడుకి మళ్ళీ చూపించడం అన్నమాట. ఖర్చు బజారులో కొనే ఓ అద్దం. ఫలితం? 2003లో బ్రిటన్‌లో ఎనిమిదిమందితో చేసిన చిన్న ప్రయోగంలో జబ్బు కొత్తగా ఉన్నవాళ్ళకి నొప్పి తగ్గింది, రెండేళ్ళు దాటినవాళ్ళకి తగ్గలేదు. ఫోటోలు గుర్తుపట్టడం, కదిపినట్టు ఊహించుకోవడం, ఆ తర్వాత అద్దం, ఇలా మెట్లుగా చేసే పద్ధతికి 2004లో మంచి ఫలితాలు వచ్చాయి, 2012లో బ్రిటన్‌లోని రెండు కేంద్రాల మామూలు ఓపీల్లో అదే చేస్తే నొప్పి అంతగా తగ్గలేదు. పరిశోధకుల చేతిలో పనిచేసింది రద్దీ ఓపీలో అలాగే పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

ఎంత కదపాలన్న దగ్గరే ఫిజియోల్లో గట్టి భేదాభిప్రాయం ఉంది. ఒక వర్గం నొప్పి పెరగని హద్దుల్లో, కొంచెం కొంచెంగా పెంచమంటుంది. ఇంకో వర్గం, ముఖ్యంగా నెదర్లాండ్స్‌లో, నొప్పిని పట్టించుకోకుండా నేరుగా చెయ్యి వాడించాలంటుంది, ఎందుకంటే నొప్పి ఇక్కడ తప్పుడు సంకేతం అని వాళ్ళ వాదన. ఈ రెండింటినీ పోల్చిన ప్రయోగం 2015లో వచ్చింది. ఎవరిని ఏ గుంపులో వేశారో ఆ ప్రకారం లెక్కవేస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మన దగ్గర మాత్రం మూడో పద్ధతి నడుస్తోంది, అది ఎవరూ సిఫారసు చేయనిది: వారానికోసారి బస్సెక్కి వచ్చిన పేషెంటు చేతిని ఒక్కసారిగా వంచేయడం, ఆ పోటుకి భయపడి ఆవిడ మళ్ళీ రాకపోవడం.

మందులు, ఉద్దానం సంగతి కలుపుకుని

ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ అనే పేర్లలో ఏదో ఒకటి మీ చీటీలో ఉంటుంది. ఇవి మిగతా నరాల నొప్పుల్లో పనిచేస్తాయి కాబట్టి ఇక్కడా వాడుతున్నారు, సీఆర్‌పీఎస్‌లోనే విడిగా చేసిన ప్రయోగాలు తక్కువ. కొందరికి నిద్ర పట్టేంత ఉపశమనం ఇస్తాయి, మత్తు, తూలు, కాళ్ళవాపు తెస్తాయి. వాడుతూ వాడుతూ ఒక్కసారిగా ఆపేయకూడదు. అమిట్రిప్టిలిన్ డబ్బా మీద దిగులు మందు అని చదివి పారేసేవాళ్ళున్నారు, నొప్పికి ఇచ్చే మోతాదు సాధారణంగా దానికంటే చాలా తక్కువ.

స్టెరాయిడ్ మాత్రలు కొద్ది వారాలు, అదీ వేడి వాపు ఉన్న మొదటి నెలల్లో. ఇక్కడ మన దేశపు పరిశోధనే చెప్పుకోవాలి. పక్షవాతం తర్వాత ఇది వచ్చిన 60 మందిని లక్నోలోని ఎస్‌జీపీజీఐ ఆసుపత్రిలో రెండు గుంపులు చేశారు, 2006లో ప్రచురించారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో 83 శాతం మంది మెరుగయ్యారు, మామూలు నొప్పి మాత్ర పైరాక్సికామ్ తీసుకున్నవాళ్ళలో 17 శాతం. షుగరు ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ అంత తేలికగా ఇవ్వరు. ఎముకలు గట్టిపడటానికి ఇచ్చే బిస్‌ఫాస్ఫొనేట్ మందులు కూడా మొదటి నెలల్లో కొన్ని ప్రయోగాల్లో నొప్పి తగ్గించాయి.

సరిహద్దుకి ఇవతల గంజాం, అవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ప్రాంతంలో బంధుత్వాలు, రాకపోకలు రెండు వైపులా కలిసే ఉంటాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు, నెలలకొద్దీ మింగితే కిడ్నీకి హాని, పైగా సీఆర్‌పీఎస్ మంటకి వాటివల్ల ఒరిగేది తక్కువ. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రెండూ కిడ్నీ ద్వారానే బయటికి పోతాయి, కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి, లేకపోతే మనిషి మత్తులో పడిపోతాడు. బిస్‌ఫాస్ఫొనేట్లకీ అదే జాగ్రత్త. కాబట్టి ఇక్కడ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా రాసిన నరాల చీటీ సగం చీటీయే.

విటమిన్ సీ కథ సరదాగా ఉంటుంది. మణికట్టు విరిగిన వెంటనే రోజుకి 500 మిల్లీగ్రాముల చొప్పున 50 రోజులు ఇస్తే సీఆర్‌పీఎస్ 22 శాతం నుంచి 7 శాతానికి తగ్గిందని 1999లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. ఎముకల డాక్టర్లు అందుకే రాస్తారు. 2014లో ఎడిన్‌బరోలో 336 మందితో మళ్ళీ చేస్తే ఏ తేడా రాలేదు. చౌక, ఆ మోతాదులో పెద్ద హాని లేదు కాబట్టి రాయడం మానలేదు. గమనించాల్సిందేమంటే ఇది జబ్బు రాకుండా వాడేది, వచ్చాక తగ్గించేది కాదు.

ఇంజెక్షన్లు, వెన్నులో తీగలు

మెడ దగ్గరి నరాల ముడికి, అంటే స్టెల్లేట్ గ్యాంగ్లియన్‌కి, మత్తుమందు ఇంజెక్షన్ ఇస్తారు. కొందరికి చెయ్యి వెంటనే వెచ్చబడి నొప్పి తేలికపడుతుంది, ఎంతకాలం అన్నదే అనుమానం. ప్రయోగాలన్నీ కలిపి చూసిన సమీక్షలు గట్టి ఆధారం లేదనే తేల్చాయి. నొప్పి నిపుణులు మాత్రం ఆ తేలికపడిన గంటల్లో ఫిజియో చేయించగలిగితే ఉపయోగమే అంటారు.

ఏదీ పనిచేయనివాళ్ళకి వెన్నుపాము దగ్గర సన్న తీగలు అమర్చి చిన్న కరెంటు పంపే యంత్రం ఉంది, ఖర్చు లక్షల్లో. 54 మందితో నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగంలో ఆరునెలల దగ్గర నొప్పి బాగా తగ్గింది, ఐదేళ్ళ దగ్గర చూస్తే ఫిజియో మాత్రమే చేసినవాళ్ళతో చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. చెయ్యి తీసేయించుకుంటే పీడా పోతుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. తీసేసిన మొండి మీద కూడా సీఆర్‌పీఎస్ రావచ్చు.

తగ్గుతుందా?

మొదటి ఏడాదిలో చాలామంది గణనీయంగా మెరుగవుతారు. వాపు, రంగు ముందు తగ్గుతాయి, నొప్పి, బిగుతు నెమ్మదిగా. పూర్తిగా మునుపటిలా అయ్యేవాళ్ళు అంతకంటే తక్కువ, కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. పిల్లల్లో, ఎక్కువగా ఆడపిల్లల కాళ్ళకి వస్తుంది, ఫిజియోతో బాగా కోలుకుంటారు. త్వరగా గుర్తిస్తే మంచిదని డాక్టర్లందరూ అంటారు. మన దగ్గర ఆలస్యం మూడు చోట్ల జరుగుతుంది: కట్టు విప్పాక "అలాగే ఉంటుందిలే" అనుకోవడంలో, కట్టు వైద్యుడి దగ్గర, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపడంలో. బరంపురం ఎంకేసీజీ గానీ కొరాపుట్ మెడికల్ కాలేజీ గానీ దగ్గరే ఉన్నా, భాష, బంధువులు ఉన్నారని విశాఖ కేజీహెచ్‌కో ప్రైవేటుకో పోయేవాళ్ళు చాలామంది.

కార్డులు, సర్టిఫికెట్టు

ఒడిశా రేషన్ కార్డుతో ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం పనిచేయదు. ఆయుష్మాన్ కార్డు ఒడిశాలో 2025లో మొదలైంది, అది రాష్ట్రం దాటినా చెల్లుతుంది, వెళ్ళే ఆసుపత్రి ఆ జాబితాలో ఉండాలి. అసలు చిక్కు వేరే ఉంది. ఆ పథకం ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకి. ఈ జబ్బుకి కావలసింది నెలల తరబడి ఓపీలో ఫిజియో, రోజూ మాత్రలు, బస్సు చార్జీలు. వెన్నులో తీగల ఆపరేషన్‌లాంటి వాటికి కార్డు వైపు చూడొచ్చేమో గానీ, దానికంటే ముందు చేయాల్సిన చవక వైద్యానికి డబ్బు జేబులోంచే పోవాలి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, సీఆర్‌పీఎస్ పేరు అందులో లేదు. చలన వైకల్యం కింద చూపించుకోవాలి, చాలా పథకాలకి కనీసం 40 శాతం కావాలి. ఆ శాతం కొలిచేది ఎక్కువగా కీళ్ళు ఎంత వంగుతున్నాయి, పట్టు ఎంత ఉంది అన్నదాన్ని బట్టి. మన కండెలావిడ ఏడుస్తూనే రోజూ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, అద్దం ముందు కూర్చుని, వేళ్ళు వంగేలా చేసుకుందనుకోండి, బోర్డు ముందు ఆవిడ శాతం తగ్గుతుంది. భయపడి కదపకుండా బిగుసుకుపోనిచ్చిన వాళ్ళకి ఎక్కువ వస్తుంది. పరిస్థితి మారే అవకాశం ఉన్నప్పుడు బోర్డు గడువుతో కూడిన సర్టిఫికెట్టు ఇవ్వవచ్చు, గడువు అయ్యాక మళ్ళీ కొలుస్తారు.